వెనక సీటులో చంద్రావతి

తిరువళ్ళూరు బజారులో దామోదరం కారు ఆగితే జనం ఒక క్షణం నిలబడి చూసేవాళ్ళు. కారును చూడడానికి కాదు, దామోదరం తన భార్యను కారెక్కించడం చూడడానికి.

అది 1936. దామోదరానికి తామరైపాక్కంలో మాగాణి ఉంది, తిరువళ్ళూరులో వేరుశెనక్కాయల మండీ ఉంది. మద్రాసులో ఒక దొర సీమకు వెళ్ళిపోతూ అమ్మేసిన పాత టూరింగ్ కారు కొన్నాడు. గుడ్డ టాపు, పెద్ద చక్రాలు, ఒంటెలాగా ఎత్తయిన బండి. డ్రైవరును పెట్టుకోలేదు, తానే తోలేవాడు.

భార్య చంద్రావతికి రెండో కాన్పు కష్టమైంది. బిడ్డ దక్కింది గానీ ఆమె తుంటి మునుపటిలా కుదురుకోలేదు. ఇంట్లో తిరగగలదు, పనులు చేసుకోగలదు. కాలు పైకెత్తి ఎత్తు మీద పెట్టాలంటే మాత్రం ప్రాణం పోయినంత పనయ్యేది. మొదట్లో పీట వేసి చూశారు. పీట మీది నుంచి ఒక కాలు ఫుట్‌బోర్డు మీద మోపగానే మెత్తటి బండి పక్కకు వాలేది, ఆమె భయపడి దిగేసేది. ఇక లాభం లేదని దామోదరమే "జరగండి, జరగండి" అని చుట్టూ ఉన్నవాళ్ళను తప్పించి, ఆమె చంకల కింద చేతులు వేసి ఎత్తి సీట్లో కూర్చోబెట్టేవాడు. దిగేటప్పుడూ అంతే.

ఆ మెత్తదనం కూడా అతను ఆమె కోసమే చేయించాడు. చక్రాల ఇరుసుకూ బండి చట్రానికీ మధ్య విల్లులా వంచి పేర్చిన ఉక్కు పట్టీలను కమాను కట్టలంటారు. గుంతలో పడ్డ దెబ్బను ముందు అవి మింగి, మిగిలిందే మనిషికి అందిస్తాయి. రైల్వే గేటు దగ్గర షెడ్డు పెట్టుకున్న ఆరోగ్యస్వామి చేత వెనక కట్టల్లో కొన్ని పట్టీలు తీయించి, మిగిలినవాటికి గ్రీజు పట్టించాడు. బండి ఊయలయింది. "దామోదరం పెండ్లాన్ని పల్లకీలో తిప్పుతాడు" అని బజారులో అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడ్డ రోజు అతనికి అన్నం ఇంకో ముద్ద ఎక్కువ దిగేది.

అలా ఉండగా రంగూన్ నుంచి జయరామ వచ్చాడు.

జయరామ చంద్రావతికి మేనబావ, ఆమె తల్లి ధనమ్మ అన్న కొడుకు. చంద్రావతి పుట్టినప్పుడే ఈమె జయరామ పెండ్లాం అని పెద్దవాళ్ళు అనుకున్నారు. అతను కలప వ్యాపారానికి రంగూన్ వెళ్ళి, ఇదిగో వస్తా అదిగో వస్తా అంటూ రాలేదు. ఆడపిల్లను ఎన్నాళ్ళు కూర్చోబెట్టుకుంటామని చంద్రావతి తండ్రి ఆమెను దామోదరానికి ఇచ్చాడు. జయరామ తర్వాత అక్కడే తెలుగువాళ్ళ పిల్ల కోకిలను చేసుకున్నాడు. ఇప్పుడు ఇద్దరూ తిరుత్తణిలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు.

పెద్దవాళ్ళు అనుకున్న ఆ పాత మాట దామోదరానికి పెళ్ళినాడే తెలుసు. జయరామ సముద్రానికి అవతల ఉన్నంతకాలం అది అతన్ని బాధించలేదు.

ఆ ఏడు ఉగాదికి తిరుత్తణిలో అత్తవారింటికి వెళ్ళినప్పుడు వాకిట్లో జయరామ కొత్త కారు నిలబడి ఉంది. నిలబడి ఉందనడం కంటే పడుకుని ఉందనడం మేలు. నల్లగా, పొడుగ్గా, నేలకు అంటుకున్నట్టు ఉంది. దాని పక్కన దామోదరం తన బండి ఆపితే, పట్నం పెళ్ళికొడుకు పక్కన పల్లెటూరి దివిటీవాడు నిలబడ్డట్టుంది.

"రా తమ్ముడూ!" అని జయరామ ఎదురొచ్చి భుజం మీద చెయ్యేశాడు. వరసకు అతన్ని అన్నా అని పిలవాలి. దామోదరం పిలిచాడు.

"చంద్రా, కోకిలను తోడు పెట్టుకో, అత్తను గూడా రమ్మను. నగరి దాకా పోయొద్దాం. బండి ఎట్ల పోతుందో చూద్దురు," అన్నాడు జయరామ.

దామోదరం అలవాటుగా పంచె ఎగగట్టుకుని భార్యను ఎత్తడానికి ముందుకు వచ్చాడు. అతను చేరేలోపే చంద్రావతి కారు తలుపు దగ్గరికి వెళ్ళింది, వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుంది, కాళ్ళు ఒకటొకటిగా లోపలికి తీసుకుంది. అరుగు మీద కూర్చున్నంత తేలిగ్గా అయిపోయింది. కూర్చుని నవ్వింది. పళ్ళన్నీ కనిపించేలా, కొంగు జారినా సర్దుకోకుండా నవ్వింది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె అలా నవ్వడం దామోదరం చూడలేదు.

కారు కదిలిపోయింది. దామోదరం బరువైన చేతులు రెండూ వేలాడేసుకుని వాకిట్లో నిలబడ్డాడు.

వాళ్ళు తిరిగి వచ్చేదాకా అతనికి ఏ పనీ తోచలేదు. మామ ఏదో అడిగితే ఇంకేదో చెప్పాడు. కారు వచ్చి ఆగాక ధనమ్మ దిగి, "అల్లుడా, కడుపులో నీళ్ళు కదిల్తే ఒట్టు! వెన్నపూస మీద జారినట్టు పోయింది," అంది. చంద్రావతి తానుగా దిగింది. ఆమె మొహం ఇంకా వెలుగుతూనే ఉంది.

"నువ్వూ ఒకసారి తోలి చూడు తమ్ముడూ," అని జయరామ తాళం చెవి చేతికివ్వబోయాడు.

"వద్దన్నా. నాకు నా బండే అలవాటు," అన్నాడు దామోదరం.

మధ్యాహ్నం అందరూ భోంచేసి పడుకున్నాక అతను ఒక్కడే వాకిట్లోకి వచ్చి జయరామ కారు చుట్టూ తిరిగాడు. ఎవరూ చూడడంలేదని తేల్చుకుని వంగి, నేల నుంచి ఫుట్‌బోర్డు ఎంత ఎత్తుందో జానతో కొలిచాడు. తర్వాత తన బండినీ కొలిచాడు. ఆ తేడా అతని గుండెల్లో ముల్లులా దిగింది.

తిరువళ్ళూరు చేరిన మర్నాడే ఆరోగ్యస్వామి షెడ్డుకు వెళ్ళాడు.

"సామీ, బండి దించాల. నేలకు ఆనుకున్నట్టు ఉండాల."

ఆరోగ్యస్వామి బీడీ పారేసి బండి కిందికి తొంగి చూశాడు. "దించొచ్చయ్యా. కమాను వంపు కొట్టేస్తే దిగుతుంది. నేనెప్పుడూ ఇంత దించలా. చేసి చూద్దాం."

అతనికీ ఉబలాటంగానే ఉంది. మద్రాసు బండ్లలాంటి బండిని తన షెడ్డులో తయారు చేశానని చెప్పుకోవచ్చు. కట్టలు ఊడదీసి, కొలిమిలో కాల్చి, సమ్మెటతో కొట్టి విల్లులాంటి పట్టీలను దాదాపు కర్రల్లా చదును చేశాడు. బిగించి దించగానే బండి వెనక భాగం చతికిలబడింది. ముందు వైపూ అంతే దించాడు. దామోదరం దూరంగా వెళ్ళి నిలబడి చూసుకున్నాడు. అదే పాత గుడ్డ టాపు, అవే చక్రాలు. అయినా అతని కంటికి అది వేరే బండిలా కనబడింది.

తిరుత్తణిలో చుట్టాలింట సీమంతానికి చంద్రావతిని తీసుకుని బయలుదేరాడు. ఎత్తడానికి చేతులు చాచాడు.

"వద్దు. నేనే ఎక్కుతా," అంది చంద్రావతి. ఎక్కింది కూడా.

అది చూసి అతను సంతోషించాలి. కాని చాచిన చేతులు గాలిలోనే ఉండిపోయాయి. ఆమె మొహంలో జయరామ కారెక్కినప్పటి వెలుగు కొంచెం కనిపించింది. 'ఆ బండి గుర్తొచ్చింది కాబోలు' అనుకున్నాడు, గేరు గట్టిగా లాగాడు.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. కంకర రోడ్డు మొదలవగానే బండి తన్నడం మొదలుపెట్టింది. పట్టీలు తగ్గి మెత్తబడి, ఇప్పుడు వంపు కూడా పోయిన కట్టలకు దెబ్బను మింగడానికి చోటు లేదు. ప్రతి గుంతకూ ఇరుసు పైకి లేచి చట్రానికి ధన్‌మని కొట్టుకుంది. ముందు సీట్లో స్టీరింగు పట్టుకున్న దామోదరానికి అది చప్పుడుగానే తెలిసింది. వెనక, సరిగ్గా ఇరుసు మీద కూర్చున్న చంద్రావతికి ప్రతి చప్పుడూ తుంటిలోకి దిగింది. ఆమె ముందు సీటు వీపును రెండు చేతులా పట్టుకుని, పెదవి కొరుక్కుని కూర్చుంది.

"ఎట్లుండాది? ఆ బండి మాదిరి లేదా?" అని దామోదరం వెనక్కి తిరగకుండానే అడిగాడు.

ఆమె కళ్ళు మూసుకుని సీటు వీపుకు నుదురానించింది. వెనక నుంచి మాట రాకపోతే, 'ఆ బండే మేలనుకుంటోంది కాబోలు' అనుకున్నాడు దామోదరం. ఇంకొంచెం వేగం పెంచాడు.

తిరుత్తణిలో ఆమె సీమంతానికి వెళ్ళలేదు, పుట్టింట్లో మంచం పట్టింది. ధనమ్మ వేడినీళ్ళ కాపడం పెట్టింది, నొప్పి తైలం రాసింది. దామోదరానికి మండీలో లోడు ఉండటంతో ఆమెను అక్కడే వదిలి వచ్చేశాడు. నయమయ్యాక కబురు పెట్టమన్నాడు.

కబురు రాలేదు, కారు వచ్చింది. ఒక సాయంత్రం దామోదరం మండీ అరుగు మీద కూర్చుని ఉండగా జయరామ కారు బజారులోకి మెల్లగా వచ్చింది. కుర్రాళ్ళంతా దాని వెంట పడ్డారు. అది అతని ఇంటి ముందు ఆగింది. చంద్రావతి దిగింది, తానే దిగింది. ముందు సీటు నుంచి కోకిల చెయ్యి ఊపింది. జయరామ దిగి, మండీలోంచి పరుగున వస్తున్న దామోదరాన్ని చూసి, "చంద్రను చుమ్మా, ఊరికే అట్ల దింపి పోదామని వచ్చినా తమ్ముడూ. మాకు మద్రాసులో పనుంది," అన్నాడు.

"మంచిదన్నా," అన్నాడు దామోదరం. కాఫీ తాగి పొమ్మని కూడా అన్నాడు. జయరామ తాగలేదు. కారు వెళ్ళిపోయాక ఎదురు దుకాణం వేలాయుధం, "ఎవరండీ అది, మీ చుట్టమా? మంచి బండి," అన్నాడు. దామోదరం విననట్టు ఇంట్లోకి వెళ్ళి తలుపు గడియ పెట్టాడు.

"నా బండి నీకు పనికి రాదా?"

చంద్రావతి పక్క వేసుకుంటోంది. "పనికి రాదని ఎవరన్నారు? ఒళ్ళు నొప్పిగా ఉండాది. ఆ బండిలో నొప్పి తగల్లేదు."

"ఆయన బండే మెత్తగుండాదా?"

"ఉండాది. ఉన్నదాన్ని లేదనమంటారా?"

"అయితే అప్పుడే ఇంకొన్నాళ్ళు ఎదురుచూసి ఆయన్నే చేసుకొని ఉంటే సరిపోయుండు. రోజూ మెత్తగా తిరుగుదువు."

మాట నోరు దాటాక దామోదరం తనే అదిరిపడ్డాడు. చంద్రావతి దుప్పటిని మంచం మీద పడేసి అతని వైపు తిరిగింది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు.

"ఉగాదినాడు నేనెందుకు నవ్వినానో అడిగినారా?" అంది. "అడగలా. చూసి కుళ్ళుకున్నారు. నా తుంటి చెడినప్పటి నుంచి ఒకరు ఎత్తకుండా నేను బండెక్కింది ఆ రోజే. చిన్నపిల్లకు నడకొచ్చినట్టయింది నాకు. దానికి నవ్వినా. బావను చూసి కాదు."

"నేను ఎత్తడంలేదా? ఎప్పుడైనా విసుక్కున్నానా?"

"విసుక్కోలా. మీకు అది ముద్దు. బజారంతా చూస్తా ఉంటే చంకల కింద చేతులేసి వడ్లమూట ఎక్కించినట్టు ఎక్కిస్తారు. 'జరగండి, జరగండి' అని అరిచి చూడనోళ్ళను గూడా పిలుస్తారు. నా కాళ్ళు గాల్లో ఆడతా ఉంటాయి, కోక పైకి పోతుంది. నాకెట్లుంటుందని ఒకనాడన్నా తలచినారా? మెత్తగుండాదని ఊరుకున్నా. ఇప్పుడు దించినారు, ఎక్కేదానికి బాగుండాది, కూర్చునేదానికి చస్తా ఉండా. నాకోసం దించినారా, బావ బండి మాదిరి కావాలని దించినారా?"

అంతకాలం తాను అందరి ముందూ చూపించుకున్న ప్రేమ ఆమెకు అంత సిగ్గుగా ఉందని అతను కలలో కూడా అనుకోలేదు. జయరామ మీది మంట ఆరలేదు గాని, దాని పక్కన ఇంకో మంట లేచింది. అది తన మీదే.

మర్నాడు ఉదయం ఆరోగ్యస్వామిని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టాడు. తాను వెనక సీట్లో, చంద్రావతి కూర్చునే మూల కూర్చున్నాడు.

"తిరుత్తణి రోడ్డులో పోనీ సామీ. నేనెప్పుడూ తోలేటంత వేగంగా పో."

కారు కొన్న నాటి నుంచి అతను వెనక సీట్లో కూర్చున్నది అదే మొదటిసారి. మొదటి గుంతకు నాలుక కరుచుకున్నాడు. రెండో గుంతకు తల టాపు కమ్మికి తగిలింది. పట్టరపెరంబుదూరు దాటేలోపు అతని నడుము నలిగి పిండయింది. "ఆపు, ఆపు!" అని అరిచాడు. దిగి రోడ్డు పక్కన కంకర గుట్ట మీద కూర్చున్నాడు. తుంటి బాగున్న మగవాడికే ఇలా ఉంటే, పెదవి కొరుక్కుని తిరుత్తణి దాకా కూర్చున్న మనిషి సంగతి తలచుకుని మొహం తిప్పుకున్నాడు.

"మళ్ళీ పైకి లేపేద్దామా అయ్యా?" అన్నాడు ఆరోగ్యస్వామి.

"లేపితే ఆమెకు ఎక్కేదానికి కాదు. దించితే కూర్చునేదానికి కాదు. రెండూ కుదిరేది యాడుండాదో చూడాల."

"ఆ రంగూన్ అయ్యగారి బండికి ఎట్ల కుదిరింది? దాని కింద చూడనిస్తే తెలుస్తుంది. నాకు మాత్రం తెలీదయ్యా, ఉన్నమాట."

ఈ మాటకు దామోదరం గుట్టలోంచి ఒక కంకర రాయి తీసి రోడ్డు అవతలికి విసిరాడు. జయరామ వాకిట్లోకి వెళ్ళి 'నీ బండి చూపించు' అని అడగడం కంటే తన బండిని కుశస్థలి నదిలో తోసెయ్యడం సులువనిపించింది. రెండు రోజులు మండీలో లెక్కలు తప్పుతూ గడిపాడు. మూడోనాడు ఆరోగ్యస్వామిని వెంటబెట్టుకుని రైలెక్కి తిరుత్తణి వెళ్ళాడు.

జయరామ విని, ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. తెల్ల చొక్కా, తెల్ల పంచెతోనే నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. "రా తమ్ముడూ, నువ్వూ చూడు," అన్నాడు. దామోదరం అతని పక్కన పడుకోవలసి వచ్చింది. భుజాలు రాసుకుంటున్నాయి. ఆరోగ్యస్వామి ఇంకో వైపు నుంచి దూరి వేలితో చూపించాడు.

"చూడయ్యా, కమాను వంపు అట్లనే ఉండాది. పొడుగు పట్టీలు, శానా పట్టీలు. చట్రాన్నే చక్రాల నడుమ కిందికి వంచి చేసినారు. మనం కమానును చంపేసినాం. వీళ్ళు దాన్ని ముట్టుకోలా."

"అంటే మా బండి ఇంత దిగదా?" అన్నాడు దామోదరం.

"దిగదు. దిగినంత దించి మిగతాది వేరే మాదిరి చూసుకోవాల."

జయరామ మసి చేతితో నుదురు తుడుచుకుని నవ్వాడు. "చంద్రను చిన్నప్పటి నుంచి ఎవరూ పట్టుకోకూడదు తమ్ముడూ. కొండ మెట్లెక్కేటప్పుడు చెయ్యి పట్టుకుంటే కొరికేది."

దామోదరం కారు కింద అలాగే పడుకుని ఇరుసును చూస్తూ ఉండిపోయాడు. తనతో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి గురించి తనకు తెలియని మాట ఇతనికి తెలుసు. ఎంత మామూలుగా చెప్పాడు! ఆ క్షణంలో జయరామ అతన్ని తిట్టి పంపినా అంత మండేది కాదు. అయినా లేచి, దుమ్ము దులుపుకుని, "చూపించినందుకు సంతోషమన్నా," అన్నాడు. ఈసారి కాఫీ తానే అడిగి తాగాడు.

తిరువళ్ళూరుకు వచ్చాక పని మళ్ళీ మొదలైంది. తీసేసిన పట్టీలను ఆరోగ్యస్వామి తిరిగి చేర్చాడు. కమానుకు పాత వంపులో సగం ఇచ్చాడు. ఇరుసు కొట్టుకునే చోట పాత టైరు ముక్కలు కోసి చట్రానికి బిగించాడు. దామోదరం సీటులోని గట్టిపడ్డ కొబ్బరి పీచు తీయించి బూరుగు దూది కుక్కించాడు. తర్వాత ఇంటికి వెళ్ళి చంద్రావతిని అడిగాడు.

"ఒకసారి వచ్చి కూర్చుని చెప్తావా? బాగలేకపోతే బాగలేదని చెప్పు. నా మొహం చూడొద్దు."

ఆమె వచ్చింది. మొదటిసారి ఎక్కబోయి, "ఇంకా ఎత్తుగానే ఉండాది," అంది. వంపు కొంచెం తగ్గించారు. ఎక్కింది. రైల్వే గేటు దాటి కొంత దూరం వెళ్ళగానే, "తగుల్తా ఉండాది, ఆపండి," అంది. టైరు ముక్కలు ఇంకొంచెం మందంగా కోశారు. ఇంకోసారి పట్టీలు ఎక్కువై బండి బిర్రబిగిసింది, ఒకటి తీసేశారు. ఆరోగ్యస్వామి చెప్పేది ఒకటైతే ఆమె నడుము చెప్పేది ఇంకొకటి. చివరికి ఇద్దరూ ఆమె నడుమునే నమ్మారు. అలా కొన్నాళ్ళు సాగాక ఒక పొద్దున ఆమె తానుగా ఎక్కి, వెళ్ళి, తిరిగి వచ్చి, తానుగా దిగి, "జయరామ బావ బండంత లేదు," అంది.

దామోదరం మొహం వాడిపోయింది.

"అంత అక్కర్లేదు. ఇది చాలు," అంది ఆమె. "మీరు నిదానంగా తోల్తే."

తిరుత్తణి కుమారస్వామి పండుగ ఆడికృత్తికకు ఆ కారులోనే తిరుత్తణి వెళ్ళారు. మొక్కు కావళ్ళు మోసుకొచ్చిన జనంతో ఊరు కిటకిటలాడుతోంది. పూజయ్యాక ధనమ్మ ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చున్నారు. జయరామ దామోదరం బండిలో వెనక కూర్చుని వీధి చివరిదాకా వెళ్ళి వచ్చి, బాగుందని మనసారా మెచ్చుకున్నాడు. వచ్చే నెల అందరం తన కారులో తిరుపతికి పోదామన్నాడు. ధనమ్మ వెంటనే సరేనంది. చంద్రావతి భర్త వైపు ఒకసారి చూసి, "రెండు బండ్లూ పోనీండి. అమ్మ ఆ బండిలో, నేను ఈ బండిలో," అంది. తర్వాత జయరామ ఏదో పాత సంగతి చెప్తే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. చంద్రావతీ నవ్వింది. దామోదరం నవ్వలేదు. లేచి వెళ్ళాలనిపించింది. లేవలేదు, మజ్జిగ అన్నం పూర్తిగా తిన్నాడు.

పొద్దు వాలకముందే తిరుగు ప్రయాణమయ్యారు. కొంత దూరం వెళ్ళాక వెనక సీట్లోంచి చంద్రావతి అడిగింది.

"మీకింకా కుళ్ళుగానే ఉండాదా?"

దామోదరం అబద్ధం చెప్పబోయి మానుకున్నాడు. "ఉండాది."

"ముందటంతనా?"

"ఆయన మాట్లాడినప్పుడు ముందటంతనే. ఇప్పుడు లేదు."

చంద్రావతి బయటికి చూసింది. శెనక్కాయ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళు ఇళ్ళకు మళ్ళుతున్నారు.

"సరే. ముందర పల్లం ఉండాది, చూసి తోలండి," అంది.

దామోదరం బ్రేకు మీద కాలు పెట్టాడు. బండి గుంతలోకి మెల్లగా దిగి, మెల్లగా పైకి వచ్చింది.